ఠాణానుండి, చెరసాలనుండి వచ్చిన కథలు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దల మాట. అపరాధ పరిశోధక నవలలు వ్రాసేవారు మాత్రము ఈ మాటను ఒప్పుకోరు. వారి కథలలో ఒక బుద్ధిశాలి ఉంటాడు. గడపమీది బురద, సగము కాలిన చుట్టపీక, చొక్కాకు ఊడిపోయిన బొత్తాము చూచి ఆయన దొంగ పేరు చెప్పివేస్తాడు. చివరి ప్రకరణములో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి వేలు చూపిస్తాడు. దొంగ తల వంచుకొంటాడు. మనము పుస్తకము మూసి, దీపము ఆర్పి, నిశ్చింతగా నిద్రపోతాము.

ఇటువంటి కథలు వ్రాసి లోకమును మెప్పించినవారిలో పెక్కుమంది నిజమైన దొంగను గాని, దొంగను పట్టిన పోలీసును గాని దగ్గరగా ఎరిగినవారు కారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్ వైద్యుడు. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలములో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసి విషముల సంగతి నేర్చుకొన్నది. వారి ప్రతిభకు ఇది లోపము కాదు. చదరంగము ఆడేవాడు యుద్ధము చూచి ఉండవలెనన్న నియమము లేదు కదా!

అయితే అపరాధ సాహిత్యములో మరొక కోవ రచయితలున్నారు. వీరిలో కొందరు పోలీసు ఉద్యోగము చేసినవారు. కొందరు సంకెళ్ళు మోసినవారు. ఈ రెండు పనులూ చేసినవాడు కూడ ఒకడున్నాడు. వీరి పుస్తకములను వరుసగా చదివితే ఒక విషయము తేటపడుతుంది. బురద అడుగులు, చుట్టపీకలు వీరి రచనలలో చాల తక్కువ. ఈశ్వరుడు పట్టలేని ఇంటి దొంగను మరొక ఇంటి దొంగ పట్టిస్తాడన్నది వీరు అనుభవముతో నేర్చిన పాఠము. నేర పరిశోధన అంటే చాలవరకు ఒకని నోరు తెరిపించుట. ఆ నోరు ఎట్లు తెరుచుకొన్నది, అందులోనుండి వచ్చిన మాటను ఎంతవరకు నమ్మవచ్చును అన్న ప్రశ్న వీరి రచనలన్నిటి వెనుక ఉన్నది.

మొదట రెండు పనులూ చేసినవానిని చూతము. ఫ్రెంచిదేశమున ఆరాస్ పట్టణములో 1775లో ఒక రొట్టెల వ్యాపారి ఇంట యూజీన్ ఫ్రాన్స్వా విడాక్ జన్మించినాడు. చిన్ననాడే తండ్రి గల్లాపెట్టెపై చేయి వేసినాడు. సైన్యములో చేరినాడు, పారిపోయినాడు. ఒక ఖైదీ విడుదలకు దొంగ పత్రము సృష్టించినాడన్న నేరముపై 1796లో 8 ఏండ్ల కఠినశిక్ష పడినది. బ్రెస్ట్, టూలోన్ రేవులలోని ఖైదీల శిబిరములనుండి తప్పించుకొన్నాడు. మారుపేర్లతో, మారువేషములతో ఎన్నో ఏండ్లు తిరిగినాడు. పాత స్నేహితులు కనిపెట్టి, ఆచూకీ చెప్పుదుమని బెదరించి డబ్బు గుంజేవారు. ఆ బ్రతుకు విసిగిపోయి 1809లో తానే పోలీసులవద్దకు వెళ్ళి ఒక బేరము పెట్టినాడు: తనను విడిచిపెడితే మిగిలిన దొంగల సంగతి తాను చెప్పును.

పోలీసులు బేరమునకు ఒప్పుకొన్నారు గాని వెంటనే విడువలేదు. జైలులోనే ఉంచి, తోడి ఖైదీల మాటలు విని పైకి చేరవేసే వేగుగా వాడుకొన్నారు. 21 నెలలు ఆ పని జరిగినది. తరువాత వదలిపెట్టినప్పుడు కూడ తప్పించుకొని పారిపోయినట్లు నాటకమాడినారు. లేకపోతే లోపలివారికి అనుమానము వచ్చును కదా! ఆ వెనుక 1812లో పారిస్ నగరములో నేర పరిశోధనకు ప్రత్యేకముగా ఒక దళము ఏర్పడగా దానికి విడాక్ నాయకుడయినాడు. ఆయన ఏరి తెచ్చుకొన్న మనుష్యులు కూడ పాత నేరస్థులే. దొంగల అడ్డాలు, వారి సంకేత భాష, సొత్తు కొనే వర్తకులు, ఇవన్నీ వారికి కరతలామలకములు.

1827లో ఉద్యోగము వదలి, మరుసటి ఏడు మొదలుగా నాలుగు సంపుటములలో తన జ్ఞాపకములను ప్రకటించినాడు. ఐరోపా అంతటా ఆ పుస్తకము విపరీతముగా అమ్ముడుపోయినది. ఇక్కడ ఒక తమాషా జరిగినది. ప్రచురణకర్త నియమించిన వ్రాతగాళ్ళు ఆ గ్రంథమును తమ ఇష్టము వచ్చినట్లు పెంచి, రంగులు వేసినారు. తన కథ తనది కాకుండా పోయినదని విడాక్ వాపోయినాడు. జీవితమంతా ఇతరుల రహస్యములను పోలీసుల అవసరమునకు తగినట్లు వినిపించినవాని రహస్యములను, చివరకు పుస్తకముల అంగడి తన అవసరమునకు తగినట్లు మార్చివేసినది.

విడాక్ వలన సాహిత్యమునకు కలిగిన లాభము ఆయన పుస్తకముతో ఆగలేదు. బాల్జాక్ నవలలలో వోత్రాన్ అనే ఘరానా నేరస్థుడు చివరకు పోలీసు అధికారి అవుతాడు. ఆ పాత్రకు మూలము విడాకే. విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన మహానవలలో, పారిపోయిన ఖైదీకీ, అతనిని వెంటాడే పోలీసు అధికారికీ కూడ ఈ ఒక్క మనిషి జీవితమే ఆధారమైనదని సాహిత్య చరిత్రకారులు అంటారు. ఒకే మనిషిలోనుండి దొంగ, పోలీసు ఇద్దరూ పుట్టినారన్న మాట. ఆ ఇద్దరి నడుమ అడ్డుగోడ ఎంత పలుచనిదో ఇంతకంటె వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన దేశమునకు, అందులోను మన హైదరాబాదుకు వత్తము.

ఫిలిప్ మెడోస్ టెయిలర్ 1808లో లివర్‌పూల్ నగరములో పుట్టినాడు. 1824లో, ఇంకా పదహారేండ్లు నిండని వయసున, ఒక వర్తకుని దగ్గర పనికని బొంబాయి వచ్చినాడు. ఆ వర్తకుని వ్యాపారము చితికిపోయి ఉండుటచేత బంధువు ఒకరి పలుకుబడితో నిజాము సైన్యములో ఉద్యోగము సంపాదించినాడు. హిందూస్తానీ, మరాఠీ భాషలు శ్రద్ధగా నేర్చినాడు. ఇరువది ఏండ్లు నిండీ నిండకముందే నిజాము రాజ్యపు నైరుతి భాగములో పోలీసు అధికారి అయినాడు.

ఆ రోజులలో బాటసారులు బయలుదేరిన ఊరినుండి చేరవలసిన ఊరు చేరకుండా మాయమయ్యేవారు. కాలినడకన, గుర్రములమీద నెలల తరబడి సాగే ప్రయాణములు. మనిషి రాలేదని ఇంటివారు తెలిసికొనేసరికి ఆరు మాసములు గడిచేవి. ఏ రాజ్యములో, ఏ బాటలో పోయినాడో ఎవరికి తెలుసును? ఫిర్యాదు చేసే దిక్కే లేదు. ఇది ఠగ్గుల పని. వారు వర్తకుల వేషములో, యాత్రికుల వేషములో బాటసారులతో కలిసి, నాలుగైదు మజిలీలు ఇష్టాగోష్ఠిగా నడిచి, నమ్మకము కుదిరిన తరువాత ఒక సాయంకాలము చెట్టు నీడన కూర్చొన్నప్పుడు నాయకుడు "తమాకు తెండి" అని పిలిచేవాడు. అది సంకేతము. వెనుక కూర్చొన్నవాని చేతిలోని రుమాలు బాటసారి మెడకు బిగిసేది. గోతులు అంతకుముందే త్రవ్వి ఉండేవి.

యువకుడైన టెయిలర్‌కు ఏదో ఘోరము జరుగుతున్నదన్న అనుమానము కలిగినది గాని సాక్ష్యము దొరకలేదు. ఇంతలో ఆయనను పోలీసునుండి తప్పించి తిరిగి సైన్యమునకు పంపినారు. ఆ పదవిలో ఉండనిచ్చినట్లయితే ఠగ్గుల రహస్యమును లోకమునకు మొదట తానే వెల్లడించి ఉండేవాడినని ఆయన ఆత్మకథలో బాధపడినాడు. ఆ కీర్తి ఉత్తరాదిని విలియం స్లీమన్ అనే అధికారికి దక్కినది. స్లీమన్ పద్ధతి విడాక్ పద్ధతే. పట్టుబడిన ఠగ్గుకు ఉరి తప్పిస్తామని ఆశ చూపుట, అతనిచేత తోటివారి పేర్లు చెప్పించుట, ఒకని వాంగ్మూలమును మరొకని వాంగ్మూలముతో సరిపోల్చుట, చెప్పినచోట త్రవ్వి ఎముకలు చూచుట. తోటివారిని పట్టించి తన శిక్ష తప్పించుకొనేవానిని కోర్టుల భాషలో అప్రూవరు అంటారు. ఆ అప్రూవర్లు తమ మెడను కాపాడుకొన్నారేగాని స్వేచ్ఛ పొందలేదు. జబల్పూరులో కాపలాలోనే బ్రతికినారు. అక్కడ వారికి డేరాలు, తివాచీలు నేయుట నేర్పినారు.

ఆ వల క్రమముగా దక్షిణమునకు విస్తరించినది. 1830ల నాటి తొలి సంవత్సరములలో టెయిలర్ హైదరాబాదు ప్రాంతములో ఉండగా అప్రూవర్ల వాంగ్మూలములు వ్రాసుకొనే పని ఆయనకు కూడ తగిలినది. రోజుల తరబడి హత్యల కథలే. అన్నీ ఒకే తీరు, అయినా వినకుండా ఉండలేని తీరు అని ఆయన జ్ఞాపకము చేసికొన్నాడు. ఆ వినికిడి ఫలితమే 1839లో లండనులో మూడు సంపుటములుగా వెలువడిన "ఒక ఠగ్గు నేరాంగీకారము" అన్న నవల. అచ్చు పూర్తి కాకమునుపే విక్టోరియా రాణి పుటలు తెప్పించుకొని చదివినదని ప్రతీతి. ఠగ్గు అన్న మన మాట ఇంగ్లీషు భాషలో స్థిరపడుటకు ఈ నవల చాలవరకు కారణము.

నవల అమీర్ అలీ అనే ఠగ్గు నోట నడుస్తుంది. ఎదుట కూర్చొని వినేవాడు ఒక సాహెబు. చిన్ననాట తల్లిదండ్రులను చంపినవాడే తనను పెంచుకొన్నాడని, ఆ సంగతి తెలియక అదే వృత్తిలో ప్రవీణుడై, చివరకు తోబుట్టువునే తెలియక చంపినానని అమీర్ అలీ చెబుతాడు. తాను 719 ప్రాణములు తీసినానని లెక్క చెప్పి, నడుమ 12 ఏండ్లు జైలులో ఉండకపోతే వేయి నిండేవని విచారిస్తాడు. తాను నిజముగా ఎరిగిన ఒక అప్రూవరే ఈ పాత్రకు మూలమని టెయిలర్ పీఠికలో వ్రాసినాడు.

నవల ప్రారంభములోనే అమీర్ అలీ సాహెబును ఒక ప్రశ్న వేస్తాడు. మీ దొరలు పులులను, పందులను వేటాడుటకు ప్రాణములకు తెగించి ఎంత ఉత్సాహపడతారు, మా వేట అంతకంటె గొప్పది కాదా అన్నది దాని సారాంశము. వినగానే ఒడలు జలదరిస్తుంది. అయినా ఆ ప్రశ్నను టెయిలర్ కొట్టివేయలేదు, దాచలేదు. హంతకుడు కూడ ఆలోచించగలవాడు, తనను తాను సమర్థించుకోగలవాడు, పెంచిన తండ్రిపై ప్రేమ కలవాడు అని చూపించినాడు. పోలీసుగా విన్న మాటలకు రచయితగా ఇచ్చిన గౌరవము అది.

కాని మరొక వైపు కూడ చూడవలెను. ఆ కథ చెప్పినవాడు ఎవరు? తన మెడకు ఉరి తప్పించుకొనుటకై మాట్లాడుతున్నవాడు. ఎవరితో? తన ప్రాణము చేతిలో ఉంచుకొన్న అధికారితో. అధికారి వినదలచినది ఏమిటో అతనికి బాగుగా తెలుసును. ఠగ్గులు దేశమంతా వ్యాపించిన ఒక కాళీభక్తుల సంఘమని, హత్య వారికి కులధర్మమని ఆనాడు ప్రబలిన నమ్మకమునకు ఇటువంటి వాంగ్మూలములే పునాది. తరువాతి చరిత్రకారులు వీటిని తిరిగి పరిశీలించి, దారిదోపిడి హత్యలు జరిగిన మాట నిజమేగాని ఆ మతసంఘపు చిత్రము చాలవరకు అధికారుల ఊహ అని వాదించినారు. పనిపోయిన సిపాయిలు, కరవు తాకిన పల్లెలవారు కూడ ఆ ముఠాలలో ఉన్నారని చూపించినారు.

ఈ చర్చ పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. 1836లో కంపెనీ ప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము ఫలానా హత్య చేసినాడని రుజువు కానక్కరలేదు. ఠగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవ శిక్ష పడేది. చేసిన పనికిగాక, చెందిన గుంపును బట్టి శిక్షించే ఈ ఆలోచన అక్కడితో ఆగలేదు. 1871లో నేరస్థ జాతుల చట్టము వచ్చినది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లు దొంగ కొడుకు దొంగే అవుతాడన్న వాదము ఆ చట్టము తెచ్చినప్పుడు వినిపించినది. 1911 చట్టముతో అది మదరాసు రాజధానికి ప్రాకినది. మన తెలుగునాట ఎరుకల కుటుంబములను బాపట్ల సమీపమున స్టువర్టుపురము అనే వసతికి చేర్చి సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఉంచినారు. వేళకు హాజరు పలకవలెను, అనుమతి లేక ఊరు దాటరాదు. ఏ నేరమూ చేయని పసిబిడ్డకు సైతము ఆ ముద్ర పడినది. 1952లో దేశమంతటా ఆ చట్టము రద్దయినది. ఊరి పేరుకు అంటిన మచ్చ మాత్రము అంత తొందరగా పోలేదు.

టెయిలర్ నవల ఈ చట్టములను పుట్టించినదని నేను అనను. ఆయన మన ప్రజలను ప్రేమించినవాడు, మన చరిత్రపై మంచి నవలలు వ్రాసినవాడు. కాని పుట్టుకతోనే హంతకుడైన ఒక జాతి ఉన్నదన్న భావమును ఇంగ్లండులోని ఇంటింటి చావడిలోనికి చేర్చినది ఆ పుస్తకమే. పోలీసు వ్రాసినాడు కనుక నిజమే అయి ఉండునని చదువరులు నమ్మినారు. రచయిత అనుభవము పుస్తకమునకు బలము. ఆ బలమే చదువరికి ప్రమాదము.

చిత్రమేమిటంటే, పాఠకులు ఇంత సులభముగా నమ్మిన మాటను న్యాయశాస్త్రము నమ్మలేదు. 1872 నాటి సాక్ష్య చట్టము 25వ సెక్షను ప్రకారము పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారము ముద్దాయికి వ్యతిరేకముగా చెల్లదు. ఠాణాలో నోరు ఎట్లు తెరిపిస్తారో ఆ చట్టము వ్రాసినవారికి తెలియును. ముద్దాయి చెప్పిన మాటవలన ఒక వస్తువు దొరికితే ఆ మేరకు మాత్రము చెల్లునని 27వ సెక్షను సడలింపు ఇచ్చినది. 2024 జూలై 1 నుండి ఆ చట్టము స్థానములో భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినా ఈ నియమము మారలేదు.

ఈ నియమము నీడలో పనిచేసి, ఆ పనినే కథలుగా వ్రాసినవాడు కలకత్తా దారోగా ప్రియనాథ ముఖోపాధ్యాయుడు. కలకత్తా పోలీసు శాఖలో డిటెక్టివు విభాగము 1868లో ఏర్పడినది. ప్రియనాథుడు 1878లో అందులో ప్రవేశించి 1911 వరకు 33 ఏండ్లు పనిచేసినాడు. ఉద్యోగములో ఉండగానే 1892లో "దారోగార్ దప్తర్" అన్న పేరుతో నెలనెలా తన కేసులను కథలుగా ప్రకటించుట ఆరంభించినాడు. అటువంటి కథలు 200లకు పైగా వెలువడినవి. వంగభాషలో అపరాధ పరిశోధక సాహిత్యమునకు అది తొలి బాటలలో ఒకటి. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో మన తెలుగు చదువరులు వంగభాషనుండి అనువదించిన డిటెక్టివు నవలలను ఎగబడి చదివినారన్నది ఇక్కడ గుర్తు చేసికొనవచ్చును.

ప్రియనాథుడు వ్రాసినవాటిలో త్రైలోక్య అనే స్త్రీ కథ మరపురానిది. ఆయన కథనము ప్రకారము ఆమె పల్లెటూరి బ్రాహ్మణుల పిల్ల. చిన్నతనములోనే వృద్ధుడైన కులీనునికి ఇచ్చి పెండ్లి చేసినారు. కాపురమంటే ఏమో తెలియకమునుపే వైధవ్యము వచ్చినది. మోసగించి కలకత్తా తెచ్చి వేశ్యావాటికలో దింపినారు. వయసు మళ్ళి రాబడి తగ్గినప్పుడు ఆమె తనవంటి స్త్రీలనే, గురువు ఆశీర్వాదముతో నగలు రెట్టింపు అవుతాయని నమ్మించి, ఊరిచివరి తోటకు తీసికొనిపోయి, కొలనులో ముంచి చంపేది. అట్లు అయిదుగురు బలియైనారు. తరువాత రాజకుమారి అనే మరొక స్త్రీ హత్యలో అనుమానము ఆమెపై వ్రాలినది. సాక్ష్యము మాత్రము లేదు.

దారోగా ఏమి చేసినాడు? త్రైలోక్యకు హరి అనే పెంపుడు కొడుకు ఉన్నాడు. వానిపై ఆమెకు పంచప్రాణములు. హత్య చేసినవాడు హరి అని నమ్మినట్లు నటించి, వానికి ఉరి తప్పదన్న మాట ఆమె చెవిని పడేటట్లు చేసినాడు. ఆమె తట్టుకోలేకపోయినది. నేరము తనదేనని చెప్పి, దాచిన నగలు తీసి ఇచ్చినది. పోలీసు ఎదుట చెప్పిన మాట కోర్టులో చెల్లకపోయినా నగలు చెల్లుతాయి కదా! 1884లో ఆమెను ఉరితీసినారు.

ఈ కథ చదివి మనస్సు కలత పడనివారుండరు. ఆరుగురిని చంపిన స్త్రీ శిక్ష పొందవలసినదే. కాని ఆమెను పట్టి ఇచ్చినది ఆమెలోని దుర్మార్గము కాదు, ఆమెలో మిగిలి ఉన్న ఒక్క మంచి గుణము, తల్లి ప్రేమ. దారోగా ఆ సంగతి దాచలేదు. తాను ఆడిన నాటకమును ఆడినట్లుగా వ్రాసినాడు. చిన్ననాటి పెండ్లినుండి ఉరికంబము వరకు ఆమె వచ్చిన దారి అంతా వ్రాసినాడు. తీర్పు పత్రములలో ఆమె హంతకురాలు మాత్రమే. దారోగా కథలో ఆమె మనిషి.

సముద్రము దాటి అమెరికా వెళితే ఇదే ప్రశ్న మరొక రూపములో ఎదురవుతుంది. అక్కడ ప్రభుత్వ పోలీసులతోపాటు జీతమునకు పనిచేసే ప్రైవేటు డిటెక్టివు కంపెనీలు బలముగా ఉండేవి. వాటిలో పేరు మోసినది పింకర్టన్ కంపెనీ. 1894లో పుట్టిన డాషియల్ హామెట్ 1915లో బాల్టిమోర్ నగరములో ఆ కంపెనీలో చేరి, నడుమ సైన్యములో కొంతకాలము గడిపి, క్షయవ్యాధితో ఆరోగ్యము చెడి, 1922లో మానుకొన్నాడు. ఆ కంపెనీకి దొంగలను పట్టుట ఒక్కటే పని కాదు. గని యజమానులు, మిల్లు యజమానులు కూలీల సమ్మెలు విరుగగొట్టుటకు దాని మనుష్యులను కిరాయికి తెచ్చుకొనేవారు. కూలీల నడుమ కూలీవలె చేరి వారి మాటలు యజమానులకు చేరవేయుట కూడ డిటెక్టివు ఉద్యోగమే. అంటే విడాక్ జైలులో చేసిన పనే.

1917లో మొంటానా రాష్ట్రములో బ్యూట్ రాగి గనులవద్ద ఫ్రాంక్ లిటిల్ అనే కార్మిక నాయకుని అర్ధరాత్రి ఈడ్చుకొనిపోయి ఉరితీసినారు. ఆ మనిషిని చంపుటకు తనకు అయిదువేల డాలర్లు ఇవ్వజూపినారని హామెట్ చెప్పేవాడని ఆయన సహచరి, నాటక రచయిత్రి లిలియన్ హెల్మన్ వ్రాసినది. అది అక్షరాల ఎట్లు జరిగినదో గాని, 1929లో వెలువడిన ఆయన తొలి నవల "రెడ్ హార్వెస్ట్" అటువంటి గనుల పట్టణములోనే నడుస్తుంది. సమ్మె విరుగగొట్టుటకు యజమాని రౌడీలను తెస్తాడు. వారు తిరిగి వెళ్ళక పట్టణమునే ఆక్రమిస్తారు. వారిని ఏరివేయుటకు వచ్చిన డిటెక్టివు ఒకనిపై ఒకనిని ఉసిగొలిపి చంపించి, చివరకు ఈ రక్తపు రుచి తనకూ అంటుతున్నదేమో అని భయపడతాడు. హోమ్స్‌కు ఎన్నడూ రాని భయము అది. ఆ వృత్తి చేసినవానికే వస్తుంది.

హామెట్ జీవితములో చివరి అంకము ఆయన నవలలకంటె విచిత్రమైనది. 1951లో, శిక్షపడిన కొందరు కమ్యూనిస్టు నాయకులు జామీనుపై ఉండి మాయమైనారు. ఆ జామీను నిధికి హామెట్ ధర్మకర్త. నిధికి చందాలిచ్చినవారి పేర్లు చెప్పుమని న్యాయస్థానము అడిగినది. ఆయన చెప్పలేదు. కోర్టు ధిక్కారము క్రింద ఆరు నెలల శిక్ష వేసినారు. క్షయతో బలహీనపడిన 57 ఏండ్ల రచయిత జైలులో మరుగుదొడ్లు కడిగినాడు. యౌవనములో ఇతరుల రహస్యములు చేరవేసి జీతము తిన్న మనిషి, వార్ధక్యములో ఒక్క పేరు చెప్పుటకు నిరాకరించి జైలుకు వెళ్ళినాడు. ఆయన రాజకీయములు మనకు నచ్చినా నచ్చకపోయినా, వేగుపని విలువ ఎరిగినవాడు దానిని నిరాకరించుటలో ఒక అర్థమున్నది.

చివరగా, ఠాణాకు అవతలి ప్రక్కనుండి వచ్చిన ఒక రచయితను తలచుకొందము. చెస్టర్ హైమ్స్ 1909లో మిస్సోరీ రాష్ట్రములో ఒక నీగ్రో ఉపాధ్యాయుల కుటుంబములో పుట్టినాడు. 1928లో తుపాకి చూపి ఒక ఇంటిలో నగలు దోచినాడు. వాటిని తాకట్టు పెట్టబోయి షికాగోలో పట్టుబడినాడు. పోలీసులు తనను తలక్రిందులుగా వ్రేలాడదీసి కొట్టి ఒప్పించినారని ఆత్మకథలో వ్రాసినాడు. 19 ఏండ్ల కుర్రవానికి 20 నుండి 25 ఏండ్ల శిక్ష పడినది. ఒహైయో రాష్ట్ర కారాగారములో ఉండగా 1930 ఏప్రిల్ 21న అక్కడ ఘోర అగ్నిప్రమాదము జరిగి, కిక్కిరిసిన గదులలో తాళములు పడి ఉన్న ఖైదీలు 320 మందికి పైగా చనిపోయినారు. హైమ్స్ ఆ రాత్రిని కన్నులార చూచినాడు.

జైలులోనే వ్రాయుట నేర్చినాడు. 1934లో "ఎస్క్వయర్" పత్రిక ఆయన కథలు అచ్చువేసినప్పుడు రచయిత పేరు ఉండవలసినచోట 59623 అన్న ఖైదీ సంఖ్య ఉన్నది. అగ్నిప్రమాదముపై వ్రాసిన కథ కూడ ఆ ఏడే వెలువడినది. 1936లో విడుదలయినాడు. తరువాత ఫ్రాన్సు చేరి, అక్కడి ప్రచురణకర్త ప్రోత్సాహముతో డిటెక్టివు నవలలు మొదలుపెట్టి, 1958లో ఆ దేశపు అపరాధ సాహిత్య బహుమానము అందుకొన్నాడు.

జైలునుండి వచ్చినవాడు దొంగను నాయకునిగా చేయుననుకొంటాము. హైమ్స్ అట్లు చేయలేదు. న్యూయార్కులోని హార్లెమ్ వాడకు చెందిన ఇద్దరు నీగ్రో పోలీసులను నాయకులుగా చేసినాడు. వారు మంచివారు. తమ వాడ పేదలను మోసగించేవారిపై వారికి నిజమైన కోపమున్నది. అయినా వారు కూడ వేగులపైనే ఆధారపడతారు, నోరు తెరవనివానిని కొడతారు. దెబ్బలు తిని ఒప్పుకొన్న మనిషి, కొట్టే పోలీసును ద్వేషముతోగాక జాలితో, నవ్వుతో చూచి వ్రాసిన నవలలవి. ఆ నవ్వులో తీపి తక్కువ.

విడాక్, టెయిలర్, ప్రియనాథుడు, హామెట్, హైమ్స్: ఈ అయిదుగురిని ఒక వరుసలో నిలబెట్టితే, నేరమును లోపలినుండి చూచినవాడు మనకు అదనముగా ఇచ్చేది గగుర్పాటు కాదని తెలుస్తుంది. గగుర్పాటు మేడపై కూర్చొని ఊహించేవాడు కూడ ఇవ్వగలడు. వీరు ఇచ్చేది ఒక హెచ్చరిక. ఒప్పుకోలు అనేది ఆకాశమునుండి ఊడిపడదు. దానివెనుక ఒక బేరమో, ఒక దెబ్బో, ఒక బిడ్డపై ప్రేమో ఉంటుంది.

రేడియోలో పనిచేసే మావంటివారికి ఈ సంగతి మరికొంత బాగుగా తెలియును. మనిషి కనబడక గొంతు మాత్రమే వినబడినప్పుడు, "నేను" అని మొదలైన కథను శ్రోత ఇట్టే నమ్ముతాడు. ఆ గొంతు ఎవరిది, ఏ గదిలోనుండి వస్తున్నది, ఎదుట కూర్చొన్నది ఎవరు అని అడుగుట అతనికి తోచదు. అమీర్ అలీ గొంతు విన్న లండను చదువరులకు కూడ తోచలేదు. వారు అడగని ఆ ప్రశ్నకు వెల చెల్లించినవారు వేరే దేశములో, వేరే తరములో, బాపట్ల దగ్గర ఇసుక నేలలో పొద్దున సాయంత్రము హాజరు పలికినారు.

కనుక ఈసారి ఒక అపరాధ పరిశోధక నవల చేతికి వచ్చినప్పుడు చివరి ప్రకరణము వరకు హాయిగా చదువుకొనవచ్చును. దొంగ దొరికిన తరువాత మాత్రము, దీపము ఆర్పకముందు, ఒక్క క్షణము ఆగి అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: వీనిచేత ఈ మాట చెప్పించినవారెవరు?